అడిగినవాళ్ళందరికీ నేర్పిన ముడి

కాదు, ఆ మాట మాత్రం నా దగ్గర అనొద్దు. “నేర్పింది మీ అమ్మేగా, ఇప్పుడు ఏడుపెందుకు?” అని. నేర్పింది మా అమ్మే. నేనెప్పుడు కాదన్నాను? తన స్టూలు ఆవిడకిచ్చి, తను నేల మీద గోనెపట్టా వేసుకుని కూర్చుని మరీ నేర్పింది. నాకు కడుపు మండేది అందుకే. దొంగతనం జరిగి ఉంటే బాగుండేది. దొంగని పట్టుకుని నాలుగు మాటలు అనొచ్చు, ఫోన్లో ఫొటో పెట్టి ఊరంతా తిప్పొచ్చు. ఇక్కడ దొంగే లేదు. ఇచ్చినావిడ ఉంది, పుచ్చుకున్నావిడ ఉంది, ఇద్దరూ హాయిగా ఉన్నారు. కోపం వచ్చింది నాకొక్కదానికే. అందుకని తప్పు నాదైపోయింది.

మా సందులో అందరిదీ ఇదే మాట. పిన్ని అనేసింది. నాన్న అనలేదు కానీ, అన్నట్టే చూశాడు. స్నేహితురాళ్ళకి వాయిస్ మెసేజీల్లో మొత్తం చెప్పాను. అంతా విని, “కానీ వీడియో తీసింది నువ్వే కదా” అన్నారు. అవును, నేనే. ఆ సంగతికీ వస్తాను. ముందు నుంచీ చెప్పనివ్వండి, తర్వాత తీర్పులిద్దురు గాని.

మా తాత శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు ఊరి నుంచి ఈ బెంగాలీవాళ్ళ ఊరికి వచ్చి, ఇక్కడి రేవులో సరుకులెత్తే ఖలాసీ అయ్యాడు. నాన్న కూడా అదే రేవులో కాంట్రాక్టు పని. నేను వాట్‌గంజ్ సందులోనే పుట్టాను, అక్కడే పెరిగాను. శ్రీకాకుళం రెండుసార్లు చూశాను, రెండుసార్లూ నా ఫోన్‌కి సిగ్నల్ లేదు. కాబట్టి ఊరి మీద బెంగతో ఇదంతా చెప్తున్నానని మాత్రం అనుకోకండి.

తాత రోజుల్లో సరుకు ఇప్పటిలాగా ఇనప డబ్బాల్లో వచ్చేది కాదంట. బస్తాలు, దుంగలు, కడ్డీల కట్టలు. వాటి చుట్టూ లావుపాటి మోకు తిప్పి, మోకు చివర కన్నులా ఉండే ఉచ్చుని క్రేను కొక్కేనికి తగిలించి ఎత్తేవాళ్ళు. ఆ కన్ను చెయ్యడమే ఖలాసీ పనితనం. మా ఇంట్లో దాన్ని ముడి అంటాం కానీ, మామూలు ముడిలా ఉండదు. తాడు కొసని మూడు పేటలుగా విప్పి, ఒక్కో పేటనీ తాడు ఒంట్లోకే, పురికి ఎదురుగా గుచ్చి, లాగి, మళ్ళీ గుచ్చి, చివరికి వచ్చేసరికి సన్నం చేసి మాయం చేస్తారు. కొస ఎక్కడుందో వేలితో తడిమినా దొరకదు. ఎంత బరువు పడితే అంత బిగుసుకుంటుంది.

ఆ ఖలాసీల్లో ఒక పద్ధతి ఉండేది. వచ్చినవాడు ఒరియా అయినా, బిహారీ అయినా, చిట్టగాంగ్ ముసల్మాన్ అయినా, మనవాడైనా, ముడి ఎలా వెయ్యాలో అడిగితే నేర్పి తీరాలి. కాదనకూడదు, రేపు రమ్మనకూడదు, సగం చూపించి సగం దాచుకోకూడదు. ఎందుకంటే వాడు వేసిన ముడి కింద రేపు నువ్వే నిలబడతావు. తాత దాన్ని ఒక్క ముక్కలో చెప్పేవాడంట: “ముడి దాసినోడి నెత్తినే బస్తా పడతాది.”

రేవులో అది ప్రాణాల లెక్క. నాకు అర్థమవుతుంది. కానీ మా అమ్మ ఆ పద్ధతిని రేవు గేటు దాటించి బయటికి తెచ్చుకుంది. నెత్తి మీద బస్తాలేవీ వేలాడని చోటికి.

అమ్మ పెళ్ళయి వచ్చేసరికి తాత పని మానేసి వసారాలో కూర్చున్నాడు. చేతులు ఊరికే ఉండలేక, పాత మోకు ముక్కలు తెచ్చి కాళ్ళు తుడుచుకునే పట్టాలు అల్లేవాడు. కొడుకులెవరూ అడగలేదు. కోడలు అడిగింది. అంతే, నేర్పాడు. ఆయన పోయాక ఆ పనీ, ఆయన వాడిన ఇనప ముల్లూ అమ్మకి మిగిలాయి. ముల్లంటే జానెడు పొడవుండే దబ్బనం లాంటిది, కొస అరిగి అరిగి నున్నగా అయిపోయింది.

ఓడలు వదిలేసిన మోకులు మా వైపు పాత సామాన్ల కొట్లలో గుట్టలుగా దొరుకుతాయి. అమ్మ తెచ్చి, సబ్బునీళ్ళలో రెండు రోజులు నానేసి, ఉతికి, డాబా మీద ఆరేస్తుంది. ఎన్నిసార్లు ఉతికినా కొంచెం తారు వాసన, కొంచెం ఉప్పు వాసన ఉండనే ఉంటాయి. చిన్నప్పుడు నా స్కూలు యూనిఫాం కూడా ఆ వాసనే వేసేది. పట్టాలు, బుట్టలు, మొక్కల కుండీలు వేలాడదీసే ఉట్లు, ఇవన్నీ ఆ మోకుల్లోంచే వచ్చేవి. ఏ వస్తువైనా ఒకే తాడు, చివర ఒకే ముడి. కుట్టు లేదు, జిగురు లేదు.

భవానీపూర్ దగ్గర పార్కు పక్క మైదానంలో శీతాకాలం అంతా శని, ఆదివారాలు చేతిపనుల సంత పెడతారు. ఇక్కడివాళ్ళు హాట్ అంటారు. అందులో స్టాలుకి ఫోన్లో దరఖాస్తు పెట్టింది నేనే. ఫొటోలు నేనే తీశాను, బెంగాలీలో నాలుగు మాటలు నేనే రాశాను. చోటు దొరికిందని మెసేజ్ వచ్చిన రోజు అమ్మకి చదివి వినిపిస్తే, “కొనేవోళ్ళెవరే, ఇంటి ముందర ఏసుకునే పట్టాలు” అంది. కానీ మర్నాడే వెళ్ళి కొత్త చెప్పులు కొనుక్కుంది.

మొదటి శీతాకాలం ఎలా గడిచిందో చెప్పాలి. లేకపోతే పోయింది ఏంటో మీకు తెలీదు.

మా అమ్మకి అప్పటిదాకా ఒంటరిగా వెళ్ళే చోటంటూ లేదు. బజారు, ఆసుపత్రి, చుట్టాల చావులు. హాట్ మొదలయ్యాక శనివారం పొద్దున నాకంటే ముందు లేచి, తల దువ్వుకుని, పాత దుప్పట్లో సరుకు మూట కట్టి, గుమ్మం దగ్గర నిలబడేది. బస్సులో ఆ మూటకి కండక్టరు ప్రతిసారీ గొడవ చేసేవాడు. మనిషికి ఒక టికెట్టు, మూటకి ఒక టికెట్టు అనేవాడు. నేను గొడవకి దిగేదాన్ని. అమ్మ నవ్వుతూ ఊరుకునేది. మైదానంలో మా బల్ల వేపచెట్టు పక్కన. వెనక అమ్మ పేరు రాసిన అట్ట. ఆ పేరు నేనే రంగులేసి రాశాను, బెంగాలీలో. అమ్మ చదవలేదు. అయినా సర్దడం అయ్యాక రెండడుగులు వెనక్కి వేసి, ఆ అట్ట వంకరగా ఉందేమో చూసుకునేది.

అన్నీ మంచి రోజులే అని కాదు. చెత్తలోంచి ఏరిన తాడా అని ముక్కు ముడిచేవాళ్ళు ఉండేవారు. మంకీ టోపీ పెట్టుకున్న ఒక పెద్దాయన పట్టా తీసుకుని వాసన చూసి, కింద పెట్టి, రుమాలుతో చెయ్యి తుడుచుకున్నాడు. ఇంకొకావిడ, మీరు మద్రాసీలా, మద్రాసులో ఇవి చవకేనా అని అడిగింది. నేను పుట్టింది ఇక్కడి నుంచి బస్సులో అరగంట దూరంలోని ఆసుపత్రిలో అని చెప్తే, అవునవును, కానీ అసలు ఎక్కడి నుంచి అంది. నాకు ఒళ్ళు మండిపోయి ఏదో అనబోతే అమ్మ నా కాలి మీద తన కాలు పెట్టి నొక్కింది.

కానీ జనం ఆగేవారు. అమ్మ అమ్మడానికి కూర్చోదు, పని చేస్తూ కూర్చుంటుంది. ఇనప ముల్లు తాడు పేటల మధ్యకి దూర్చి, సందు చేసి, కొసని లోపలికి పంపి, పంటితో కాస్త లాగుతుంది. పిల్లలు కొస ఏదీ కొస ఏదీ అని వెతికేవారు. దొరకనివాళ్ళు మళ్ళీ ఆదివారం అమ్మానాన్నల్ని లాక్కొచ్చేవారు. పక్క స్టాల్లో చెక్క గుడ్లగూబలు అమ్మే ఒకాయన ఉండేవాడు, ఇక్కడ అన్నల్ని పిలిచినట్టు దాదా అనేవాళ్ళం. ఆయన మా అమ్మని దీదీ అనేవాడు, మధ్యాహ్నం టీ మా బల్ల మీదికే తెచ్చి ఇచ్చేవాడు. ఆ నాలుగు నెలలు మా అమ్మని నేను ఇంట్లో కంటే బయట ఎక్కువ ఇష్టపడ్డాను. ఇంట్లో ఆవిడ అమ్మ. అక్కడ పనితెలిసిన మనిషి.

ఆవిడ వచ్చింది ఆ శీతాకాలంలోనే. భవానీపూర్ ఆవిడ. నలభై ఏళ్ళుంటాయి, ఖాదీ చీర, పొట్టి జుట్టు, మెత్తటి గొంతు. బేరమాడలేదు. ఎక్కడి వాళ్ళని అడగలేదు. బల్ల ముందు చాలాసేపు నిలబడి, వంగి, అమ్మని అడిగింది: “దీదీ, ఇది నాకు నేర్పుతారా?”

అడిగింది. చూశారా, అదే. ఆవిడ గానీ దొంగచాటుగా చూసి పోయి ఉంటే మా అమ్మ ఏమనేదో తెలీదు. అడిగింది కాబట్టి అమ్మ లేచి స్టూలు జరిపింది.

మూడు శనివారాలు నేర్పింది. ఆవిడ వచ్చినప్పుడల్లా కొత్తబెల్లం సందేశ్ మిఠాయి తెచ్చేది. మొదటి వారం పేటలు విప్పడమే సరిపోయింది. రెండో వారం ఆవిడ పురి వెంట గుచ్చింది, ఎదురుగా గుచ్చాల్సింది. లాగితే మొత్తం ఊడొచ్చింది. అమ్మ ఆవిడ వేళ్ళు పట్టుకుని, చిన్నపిల్లకి అక్షరాలు దిద్దించినట్టు, ఒక్కో పేటా దిద్దించింది. మధ్యలో కొనేవాళ్ళు వచ్చి నిలబడి నిలబడి వెళ్ళిపోయారు. గుడ్లగూబల దాదా నా వైపు వంగి, మీ అమ్మ దుకాణం పెట్టిందా, బడి పెట్టిందా అన్నాడు. నవ్వాను. ఆ రోజు నాకూ బాగానే ఉంది మరి. ఎవరో చదువుకున్నావిడ మా అమ్మ ముందు కూర్చుని నేర్చుకుంటోంది కదా.

అందుకే వీడియో తీశాను. అమ్మ చేతులు మాత్రమే, దగ్గరగా. మొదటి పేట, రెండో పేట, మూడో పేట. కొస మాయమయ్యే చోట నెమ్మదిగా నడిచేలా పెట్టాను. కింద బెంగాలీలో వివరం కూడా రాశాను. జనం చూశారు, పంచుకున్నారు. భవానీపూర్ ఆవిడ కూడా పంచుకుంది. రోజుకి యాభైసార్లు ఫోన్ తీసి చూసుకునేదాన్ని. ఇంటికి తాళంచెవి ఎలా చేసుకోవాలో ఊరందరికీ నేనే చూపించానని అప్పుడు తట్టలేదు.

తర్వాతి శీతాకాలం దరఖాస్తు పెడితే, చోటు దొరికిందని కాకుండా, మాట్లాడటానికి రండి అని కబురొచ్చింది. ఆ హాట్‌లో ఒక నియమం ఉంది, ఒక్కో పనికి ఒక్కటే స్టాలు. తాటాకు పనికి ఒకటి, మట్టి పూసలకి ఒకటి, చెక్క గుడ్లగూబలకి ఒకటి. తాడు పనికి ఈసారి రెండు దరఖాస్తులు వచ్చాయి. రెండోది ఎవరిదో ఫోన్ చేసినాయన చెప్పలేదు. చెప్పక్కర్లేదు కూడా.

అమ్మకి చెప్తే, “ఓలమ్మ, సేసీసిందా? బాగా నేర్సుకుందన్నమాట” అంది. నిజంగా సంతోషంగానే అంది.

వెళ్ళే రోజు బస్సులో అమ్మకి పాఠం చెప్పాను. వాళ్ళేం అడిగినా ఒక్కటే మాట చెప్పు, ఇది మా ఇంటి పని, ఇంకెవరికీ లేదు అని. ఆవిడకి నువ్వు నేర్పిన సంగతి ఎత్తకు. అమ్మ మూట ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తోంది. విన్నావా అంటే విన్నాను అంది. ఒప్పుకున్నట్టే అనుకున్నాను. విన్నానన్నదానికీ, ఒప్పుకున్నానన్నదానికీ తేడా ఉంటుందని మా అమ్మ దగ్గర ఇన్నేళ్ళుండీ నాకు తెలీదు.

హాట్ ఆఫీసు గదిలో కమిటీవాళ్ళు ముగ్గురు. మాట్లాడింది కళ్ళజోడు పెట్టుకున్న దాదా ఒక్కడే. మర్యాదస్తుడే, అమ్మకి కుర్చీ తనే లాగాడు. భవానీపూర్ ఆవిడ అప్పటికే వచ్చి కూర్చుని ఉంది. అమ్మని చూడగానే లేచి, వంగి కాళ్ళకి దణ్ణం పెట్టింది. అది కూడా నటన కాదు. నటనైతే నాకు ఎంత సులువుగా ఉండేదో.

ఆవిడ సరుకు బల్ల మీద పరిచి ఉంది. కొత్త నూలు తాడు, తెల్లగా, కొన్నింటికి నీలిరంగు. తారు వాసన లేదు, ఉప్పు వాసన లేదు. ఉట్టికి ఉట్టి, బుట్టకి బుట్ట. పక్కన మందం కాగితం మీద అచ్చేసిన చిన్న పుస్తకం. అందులో ఈ పని ‘రేవు ప్రాంతపు స్త్రీల నుంచి’ నేర్చుకున్నానని రాసుకుంది. స్త్రీలంట. ఎంతమంది? నాకు తెలిసి ఒక్కతే, ఆవిడ ఎదురుగానే కూర్చుని దుప్పటి మూట విప్పుకుంటోంది.

మా సరుకు బయట పెట్టగానే గదంతా ఓడ వాసన వేసింది. కమిటీలో ఒకాయన లేచి కిటికీ తీశాడు.

అమ్మ ముందు చేసిన పని ఏంటంటే, ఆవిడ అల్లిన బుట్ట తీసుకుని తిరగేసింది. బొటనవేలితో అంచంతా తడిమింది. కొస కోసం. రెండుసార్లు తడిమింది, దొరకలేదు. బుట్ట కింద పెట్టి ఆవిడ వైపు చూసి తల ఊపింది.

కళ్ళజోడు దాదా అడిగాడు, ఈ ముడి పని ఎవరిది, ఎవరి దగ్గర నేర్చుకున్నారు, ఈమెకి మీరు నేర్పారా. బెంగాలీలో అడిగాడు. పెద్ద విషయాలు ఏవైనా అమ్మ తెలుగులో చెప్తుంది, నేను బెంగాలీలో చెప్తాను. స్కూల్లో, ఆసుపత్రిలో, రేషను ఆఫీసులో, నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే మా ఏర్పాటు.

అమ్మ నా వైపు చూసి నెమ్మదిగా చెప్పింది. “మా మావ నేర్పేడు. ఆయనికి ఎవుడో చిట్టగాంగ్ ఖలాసీ నేర్పేడంట. ఈవిడికి నాను నేర్పేను. నాకన్నా సుబ్బరంగా సేత్తంది.”

నేను కళ్ళజోడు దాదా వైపు తిరిగి బెంగాలీలో చెప్పాను. ఇది మా ఇంటి పని, మా తాత కనిపెట్టింది, ఇంకెవరికీ లేదు. ఈవిడ మా స్టాలు దగ్గర కూర్చుని, స్నేహం నటించి, మమ్మల్ని అడక్కుండా తీసుకుపోయింది.

ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. నోరు దానంతట అదే నడిచింది. భవానీపూర్ ఆవిడ మొహం ఎర్రబడింది, ఆవిడ అమ్మ వైపు చూసింది. కమిటీవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. గెలిచాను అనుకున్నాను. ఆ అనుకోవడం ఎంతసేపు? నాకు కోపం త్వరగా వస్తుంది, సంతోషం కూడా అంతే.

“ఆమార్ నోయ్, దాదా,” అంది అమ్మ. నాది కాదు దాదా అని. తర్వాత వచ్చీరాని బెంగాలీలో, మధ్యలో రేవు హిందీ కలుపుతూ, మొదటి నుంచీ మళ్ళీ చెప్పింది. మావగారు, చిట్టగాంగ్ మనిషి, స్టూలు, మూడు శనివారాలు. ఈవిడ అడిగింది, నేను నేర్పాను. మా పిల్ల కోపంలో ఏదో అనేసింది, మనసులో పెట్టుకోకండి అంది.

కళ్ళజోడు దాదా నా వైపు చూడకుండా కాగితాలు సర్దుకున్నాడు. నేను ఫోన్ తీసి, అందులో ఏదో చదువుతున్నట్టు తల దించుకున్నాను. తెర మీద ఏముందో ఇప్పటికీ గుర్తు లేదు. తెర వెలగనేలేదేమో.

బస్‌స్టాపులో నేను మొదలుపెట్టాను. నీ చోటు కోసమే కదా, ఒక్క మాట ఊరుకుంటే నీ సొమ్మేం పోయేది, నన్ను అందరి ముందూ అబద్ధాలకోరుని చేశావు అన్నాను. రోడ్డు మీద మనుషులు తిరిగి చూసేంత గట్టిగా అన్నాను. అమ్మ మూట కింద పెట్టింది.

“ముప్పయ్యేళ్ళ బట్టీ ఈ ఊర్లో సేపలు బేరమాడతన్నాను,” అంది. “నాకు బెంగాలీ తెల్దనుకున్నావేటే?”

కానీ ఊరుకునే రకం కాదు నేను. పుస్తకం సంగతి ఎత్తాను. పుస్తకంలో నీ పేరెక్కడుంది, రేవు స్త్రీలని రాసేసింది, నువ్వు మనిషివి కాదా, నీకో పేరు లేదా అన్నాను.

“నువ్వు వీడియో ఎట్టేవు గదా. అందులో తాత పేరెట్టేవా?”

బస్సు వచ్చింది. కండక్టరు మూట గురించి గొడవ మొదలుపెట్టాడు. మొదటిసారి నేను నోరెత్తలేదు.

మూడు రోజులకి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది. ఈ ఏడు తాడు పని స్టాలు భవానీపూర్ ఆవిడకి. అయితే కమిటీ ఒక సూచన చేసిందంట. ఆ స్టాల్లోనే మా అమ్మ గౌరవంగా కూర్చుని, వచ్చినవాళ్ళకి పని చేసి చూపించాలి. గౌరవంగా అనే మాట రెండుసార్లు రాశారు. నేను రెండు పేజీల జవాబు టైపు చేశాను, ఇక్కడ రాయలేని మాటలతో సహా. పంపే లోపే అమ్మ వంటగదిలోంచి తన ఫోన్లో ఎవరితోనో నవ్వుతూ మాట్లాడటం వినిపించింది. భవానీపూర్ ఆవిడ. అమ్మ అప్పటికే వస్తానని చెప్పేసింది.

ఇప్పుడు మళ్ళీ శీతాకాలం. శనివారం పొద్దున అమ్మ లేస్తుంది, తల దువ్వుకుంటుంది. మూట లేదు. చేతి సంచీలో ఇనప ముల్లు, మంచినీళ్ళ సీసా, అంతే. వేపచెట్టు పక్కన అదే చోటు. వెనక అట్ట మీద భవానీపూర్ ఆవిడ స్టాలు పేరు, సన్నటి అందమైన అక్షరాల్లో. మా అమ్మకి మంచి కుర్చీ వేశారు. నూలు రంగు ఏప్రన్ కట్టారు. వచ్చినవాళ్ళు అమ్మ చేతుల్ని ఫొటో తీసి, అమ్మ పక్కనున్న తెల్లటి బుట్ట కొనుక్కుని పోతారు. మా పాత మోకుల పట్టాలు ఆ బల్ల మీదికి ఎక్కవు. వాసన వస్తాయి కదా, నూలుకి పడుతుందంట. ఆవిడ ఆ మాట ఎంతో నొచ్చుకుంటూ చెప్పింది. అమ్మ, అవునమ్మా పడతాది అంది. అవి మా మంచం కింద గుట్టగా పడి ఉన్నాయి. అమ్మ కొత్తవి అల్లడం మానేసింది. అడిగితే, చెయ్యి నొప్పి అంటుంది. అక్కడ రోజంతా చేసినప్పుడు రాని నొప్పి.

ఒకసారి వెళ్ళాను. లోపలికి కాదు, గేటు అవతల ఫుచ్కా అనే పానీపూరీ బండి దగ్గర నిలబడ్డాను. అమ్మ ఒక కాలేజీ పిల్ల వేళ్ళు పట్టుకుని దిద్దిస్తోంది. వెనక ఇంకో నలుగురు వరసలో ఉన్నారు. గుడ్లగూబల దాదా నన్ను చూసి బయటికొచ్చాడు. లోపలికి రమ్మంటాడనుకున్నాను. రమ్మనలేదు. “మీ అమ్మ కిందటేడు గట్టిగా నవ్వేది,” అన్నాడు. “ఇప్పుడు మర్యాదగా నవ్వుతోంది.” టీ తాగుతావా అన్నాడు. వద్దన్నాను.

భవానీపూర్ ఆవిడ ఆ సాయంత్రమే మెసేజ్ పెట్టింది. నువ్వు తీసిన పాత వీడియో చాలా బాగుంది, స్టాలు కోసం ఇంకొకటి తీస్తావా, మీ అమ్మకి కూడా సంతోషంగా ఉంటుంది అని. జవాబు ఇవ్వలేదు. పాత వీడియో తీసేశాను. తీసేసి ఏం లాభం, అప్పటికే అది ఎంతమంది ఫోన్లలో ఉందో. అమ్మకి చెప్తే, ఎందుకు తీసేసేవు, నేర్సుకునేవోళ్ళు నేర్సుకుంటారు కదా అంది.

పిన్ని అంటుంది, మీ అమ్మ మనసు గొప్పది, నీది ఇరుకు అని. ఉండొచ్చు. గొప్ప మనసున్నవాళ్ళ కోసం చోటు అడిగేవాళ్ళు ఒకళ్ళుండాలి, ఆ ఒకళ్ళ మనసు ఇరుకే అవుతుంది. అమ్మ చెప్పింది నిజం, ఒప్పుకుంటాను. నేను చెప్పింది అబద్ధం, అదీ ఒప్పుకుంటాను. నిజం చెప్పినావిడ తన పేరు లేని బల్ల వెనక కూర్చుని ఇంకొకళ్ళ తాడు అల్లుతోంది. ఆ గదిలో మళ్ళీ కూర్చోబెట్టి మళ్ళీ అడిగితే, నేను మళ్ళీ అదే అబద్ధం చెప్తాను, ఈసారి అమ్మ నోరు నొక్కి మరీ చెప్తాను. తప్పంటారా? అయితే ఒక్కటి చెప్పండి. మీ అమ్మకి ఉన్న ఒకే ఒక్క చోటు మీ నోట్లోంచి వచ్చే మాట మీద ఆగి ఉన్నప్పుడు, మీరైతే నిజమే చెప్పేవాళ్ళా?